బోధన్ దాకా వచ్చి ఆగిన పట్టాలు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది తొమ్మిదో తరగతి గదిలో గోడకు వేలాడిన ఆంధ్రప్రదేశ్ పటం. సాంఘిక శాస్త్రం సారు బెత్తం చివరతో నల్లగీతలు చూపిస్తూ, "ఇవి రైలు దార్లు. మన ఊరికి దగ్గరి స్టేషన్ ఏదిరా?" అని అడిగారు. ఒకడు బోధన్ అన్నాడు. ఇంకొకడు నిజామాబాద్ అన్నాడు. ఎల్లారెడ్డి దిక్కు మేనమామ ఊరున్నవాడు కామారెడ్డి అన్నాడు. సారు ముగ్గురినీ కూర్చోబెట్టి, "మూడూ కరెక్టే. మూడింటికీ బస్సెక్కే పోవాలె" అన్నారు. క్లాసంతా నవ్వాం.

నలభై ఏళ్లు దాటాయి. మనం ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాకు మారాం. 2016లో నస్రుల్లాబాద్ మండల కేంద్రమైంది. సారు ప్రశ్నకు జవాబు మాత్రం అదే. ఈ నలభై ఏళ్లలో సగానికి పైగా నేను రోడ్లు, వంతెనల పనుల్లోనే గడిపాను. రోడ్లు వేసే మనిషి రైలు కావాలని రాయడం కొందరికి విడ్డూరంగా ఉండొచ్చు. కానీ రోడ్డు ఎంత చేయగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఆ పనిలో ఉన్నవాడికే బాగా తెలుస్తుంది. మన దిక్కు రైలు ఎందుకు రాలేదు, ఇప్పుడు ఎందుకు రావాలి అన్న రెండు సంగతులు చరిత్రతోపాటు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరి లెక్కతో వేశారు?

నిజాం రాజ్యంలో మొదటి రైలు దారి 1874లో మొదలైంది. బొంబాయి–మద్రాసు లైను మీదున్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వరకు వేశారు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్న బ్రిటిష్ సైన్యానికి అది ఎంతో అవసరం. ఖర్చు భారం మాత్రం హైదరాబాద్ రాజ్యం మీద పడింది.

తర్వాత 1883లో చాందా రైలు ప్రతిపాదన వచ్చింది. లండన్‌లో ఒక కంపెనీ ఏర్పడుతుంది, అది రైలు దార్లు వేస్తుంది, పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి నిజాం సర్కారు 20 ఏళ్లపాటు హామీ ఉంటుంది. లాభమొచ్చినా రాకున్నా కంపెనీకి ఆ వడ్డీ ముట్టాల్సిందే. ఇంత పెద్ద ఒప్పందాన్ని జనం ముందు పెట్టి చర్చించాలని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు కొందరు గొంతెత్తారు. వాళ్లలో ముఖ్యులు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్‌ను ఆ ఏడాదే రాజ్యం నుంచి పంపించేశారు. హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక ప్రజా ఉద్యమానికి తొలి అడుగుగా ఈ ఘటనను చరిత్రకారులు చెబుతారు. అంటే మన నేల మీద మొదటి పౌర ఉద్యమం రైలు గురించే జరిగింది. వాళ్లు రైలు వద్దనలేదు. ఖర్చెంత, లాభం ఎవరికి, ఆ లెక్క మాకు చూపండి అన్నారు.

ఆ కంపెనీయే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. అది వేసిన దార్లు చూస్తే లెక్క అర్థమవుతుంది. 1889 నాటికి తూర్పున బెజవాడ చేరింది. అది సింగరేణి బొగ్గు దారి. తర్వాత 1899–1901 మధ్య సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ వరకు 391 మైళ్ల హైదరాబాద్–గోదావరి వ్యాలీ లైను వచ్చింది. మరాఠ్వాడా పత్తి దాని మీద బొంబాయికి పోయింది. 1930లో నిజాం సర్కారు రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. ఆ కాలంలోనే వికారాబాద్ నుంచి బీదర్ మీదుగా పర్లీ వైపు ఇంకో లైను పడింది. ఇటు జానకంపేట నుంచి బోధన్‌కు కొమ్మ లైను ఉంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి అదే ఆధారంగా ఉండేది.

ఇప్పుడు పటం మీద వేలు పెట్టి చూడండి. తూర్పున గోదావరి వ్యాలీ లైను, పడమర బీదర్ లైను. ఈ రెండింటి నడుమ మిగిలిపోయిన నేల బాన్సువాడ, ఎల్లారెడ్డి, జుక్కల్, నారాయణఖేడ్. బోధన్ కొమ్మ ఫ్యాక్టరీ దాకా వచ్చి ఆగిపోయింది. చెరుకు, చక్కెర మోసుకుపోయే పని అక్కడితో అయిపోయింది మరి.

ఇంజనీరుగా నాకు ఇంకొక కారణం కూడా కనిపిస్తుంది. గోదావరి వ్యాలీ లైను మీటర్ గేజు, పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. వికారాబాద్–బీదర్ లైను బ్రాడ్ గేజు, 1,676 మిల్లీమీటర్లు. బోధన్‌నూ బీదర్‌నూ కలిపినా ఇటు బండి అటు పోలేదు. నడుమ ఎక్కడో ఒకచోట సరుకంతా దింపి మళ్లీ ఎక్కించాలి. అలాంటి దారికి డబ్బు పెట్టడానికి ఏ రైల్వే ఉత్సాహపడుతుంది? గత శతాబ్దం చివరి దాకా ఈ అడ్డు అలాగే ఉంది. మన తరం కామారెడ్డిలో, నిజామాబాద్‌లో ఎక్కింది ఆ చిన్న పట్టాల బండే. మీనాక్షి ఎక్స్‌ప్రెస్, అజంతా ఎక్స్‌ప్రెస్ పేర్లు వింటే ఇప్పటికీ బొగ్గు పొగ వాసన గుర్తొచ్చేవాళ్లు మనలో ఉన్నారు. 2000 తర్వాత ఆ లైను బ్రాడ్ గేజుగా మారింది. దాంతో ఆ పాత అడ్డు తొలగిపోయింది.

బస్సు రైలు బిడ్డే

మన ఊరికి దిక్కైన ఎర్ర బస్సు కూడా రైల్వే పెట్టిందే అన్న సంగతి చాలామందికి తెలియదు. 1932 జూన్‌లో నిజాం రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. పట్టాలు చేరని ఊళ్లను స్టేషన్లతో కలపడం దాని పనుల్లో ఒకటి. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే.

రైలు, బస్సు ఒకదానికొకటి పోటీ అనుకోవడం తర్వాత వచ్చిన అలవాటు. మొదట్లో అవి ఒకే ఇంటి పనివాళ్లు. ఊరి నుంచి స్టేషన్ దాకా బస్సు, స్టేషన్ నుంచి దూరం ఊరికి రైలు. మన పల్లెలకు మొదటి సగమే దక్కింది, రెండో సగం అందలేదు. అందుకే పట్నంలో చదువుకు, ఆస్పత్రికి, కొలువుకు పోయేవాళ్లంతా దారి పొడుగునా బస్సులోనే పోయారు. పాసు తీసుకుని పొద్దున రైలులో నిజామాబాద్ కాలేజీకి పోయి సాయంత్రం ఇంటికొచ్చే వీలు బాసర లైను ఊళ్ల పిల్లలకు ఉండేది. మనకు హాస్టలు, లేకపోతే అద్దె గది. అది కట్టలేని ఇళ్లలో పదో తరగతితో చదువు ఆగిపోయింది. ముఖ్యంగా ఆడపిల్లల చదువు. మన బ్యాచ్ ఫొటో తీసి చూసుకుంటే ఎవరెవరో మీకే తెలుస్తుంది.

2017లో ఏం జరిగింది?

మన దిక్కు ఎవరూ పెద్దగా గమనించని విషయం ఒకటుంది. 2017లో మనకు రెండు వైపులా రెండు రైలు దార్లు పూర్తయ్యాయి.

ఒకటి పెద్దపల్లి–నిజామాబాద్. 1993లో ప్రధానిగా పీ.వీ. నరసింహారావు గారు శంకుస్థాపన చేశారు. కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్ మీదుగా సుమారు 178 కిలోమీటర్లు పూర్తి కావడానికి 24 ఏళ్లు పట్టింది. రెండోది బీదర్–కలబురగి, 110 కిలోమీటర్లు. 2017 అక్టోబరు 29న ప్రధాని మోదీ గారు దాన్ని ప్రారంభించారు.

ఈ రెండింటినీ కలిపి చూడండి. ఢిల్లీ–చెన్నై ప్రధాన లైను మీదున్న పెద్దపల్లి నుంచి రైలు కరీంనగర్, నిజామాబాద్ మీదుగా బోధన్ దాకా రాగలదు. అటు ముంబై–చెన్నై ప్రధాన లైను మీదున్న కలబురగి నుంచి బీదర్ దాకా రాగలదు. నడుమ లేనిది బోధన్ నుంచి బీదర్ వరకు దాదాపు 140 కిలోమీటర్లు మాత్రమే. రుద్రూరు, బాన్సువాడ, పిట్లం, నారాయణఖేడ్ దిక్కుగా పోయే దారి అది. ఈ దారికి సర్వేలు జరిగాయి. ప్రతి ఎన్నికలోనూ దీని మాట వినిపిస్తుంది. కానీ మనం ఎప్పుడూ "మా ఊరికి రైలు కావాలి" అనే అడిగాం. "దక్కన్‌కు అడ్డంగా, సికింద్రాబాద్ రద్దీతో పని లేకుండా, రెండు ప్రధాన లైన్లను కలిపే దారిలో ఈ ఒక్క ముక్కే లేదు" అని అడగలేదు. మొదటిది వేడుకోలు, రెండోది వాదన. రామగుండం వైపు నుంచి పడమటికి పోయే బొగ్గు, మన దిక్కు నుంచి పోయే బియ్యం, వాటితోపాటు ప్రయాణికులు కూడా ఆ దారి మీద పోతారు. రెండు రకాల రాబడి వచ్చే దారి ఇది.

పొరుగువాళ్లకు ఎలా వచ్చింది?

మెదక్ పట్టణం కూడా మనలాగే రైలు లేని ఊరు. అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల కొమ్మ లైను వేసి 2022 సెప్టెంబరులో రైలు నడిపారు. ఖర్చులో సగం రాష్ట్రానిది, సగం కేంద్రానిది. మనోహరాబాద్–కొత్తపల్లి లైను 151 కిలోమీటర్లు. కాగితాల మీద పదేళ్లు నలిగాక 2016 ఆగస్టులో దానికి శంకుస్థాపన జరిగింది. భూమి, ఖర్చులో మూడో వంతు రాష్ట్రం భరించేలా ఒప్పందం. ఏడేళ్లకే, 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు కదిలింది. దానికి ప్రధాని జెండా ఊపింది మన నిజామాబాద్ సభ నుంచే. మనవాళ్లు చాలామంది ఆ సభకు బస్సుల్లో పోయొచ్చారు.

పెద్దపల్లి లైనుకు 24 ఏళ్లు, సిద్దిపేటకు ఏడేళ్లు. నేలలో తేడా లేదు. భూమి ముందే చేతికందడం, ఎవరు ఎంత పెట్టాలో ముందే రాసుకోవడం, ఈ రెండే పెద్ద తేడా.

అమెరికాలో ఉన్న మనవాళ్లు చూస్తున్నది

మన బడిలో చదివినవాళ్లు, వాళ్ల పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఎందరో ఉన్నారు. అంత సంపన్న దేశంలో ఊరికీ ఊరికీ మధ్య రైలు లేదేమిటని వాళ్లు మొదట్లో ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు ప్రపంచంలో అతి పెద్ద రైలు వ్యవస్థ వాళ్లదే. 1956లో వాళ్ల ప్రభుత్వం అంతర్రాష్ట్ర రహదారుల చట్టం చేసి, ఆ రోడ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుందని చెప్పింది. రైలు కంపెనీలను వాటి లాభనష్టాలకే వదిలేసింది. ప్రయాణికులు తగ్గారు, బండ్లు ఆగిపోయాయి. మిగిలినవాటిని కాపాడడానికి 1971 మే 1న ఆమ్‌ట్రాక్ సంస్థ పని మొదలుపెట్టింది. నేటికీ ఇరవై లక్షలకు పైగా జనాభా ఉన్న హ్యూస్టన్ నగరానికి దూరప్రయాణపు రైలు ఒక్కో దిక్కుకు వారానికి మూడు రోజులే. రోడ్డుకు దేశం లెక్క, రైలుకు దుకాణం లెక్క వేస్తే అలాగే అవుతుంది.

అయితే అక్కడే మనం నేర్చుకోదగ్గ కథ కూడా ఒకటుంది. బోస్టన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు నడిచే రైలు 1965లో ఆగిపోయింది. 1989లో వేన్ డేవిస్ అనే పౌరుడు ట్రెయిన్‌రైడర్స్ నార్త్‌ఈస్ట్ అనే సంఘం పెట్టి, వేలాది సంతకాలు సేకరించి, చట్టసభ ముందుంచాడు. 1991లో మెయిన్‌లో ప్రయాణికుల రైలు సేవల చట్టం వచ్చింది. 2001 డిసెంబరులో డౌన్‌ఈస్టర్ రైలు కదిలింది. 2012లో అది బ్రన్స్‌విక్ దాకా సాగింది. అమెరికాలో 750 మైళ్ల లోపు దార్లకు ఇప్పుడు రాష్ట్రాలే ఖర్చు పంచుకోవాలి. కాబట్టి ఏ రాష్ట్రంలో జనం పట్టువిడవకుండా అడుగుతారో ఆ రాష్ట్రంలోనే రైళ్లు పెరుగుతున్నాయి. మెయిన్‌లో అడగడం మొదలుపెట్టాక రైలెక్కడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ సంఘం పన్నెండేళ్లూ వెంటపడింది.

ఎదురయ్యే ప్రశ్నలు

మొదటి ప్రశ్న: రైలు నష్టం కదా? నిజమే. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే టికెట్ల ద్వారా వస్తుందని రైల్వే మన టికెట్ల మీదనే అచ్చు వేసింది. కొత్త లైనుకు 14 శాతం రాబడి రావాలన్న కొలత చాలాకాలం నడిచింది. మన దిక్కు లైన్లు ఆ కొలత దగ్గరే ఆగిపోతుంటాయి. కానీ 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను మనం ఏ కొలతతో చూస్తున్నాం? నీటి తీరువా ఎంత వసూలైందన్న లెక్కతో దాని విలువ ఎవరైనా కట్టారా? పండిన వరిలో, కట్టుకున్న ఇళ్లలో, చదివించిన పిల్లల్లో దాని విలువ ఉంది. మన బడి కూడా ఆ కాలువ నీళ్ల మీద బతికిన ఊళ్ల బడే. రైలు లాభం కూడా టికెట్ కిటికీ దగ్గర కనిపించదు, ఊళ్లలో కనిపిస్తుంది.

రెండో ప్రశ్న: మంచి రోడ్లు వచ్చాయి, మహిళలకు బస్సు ఉచితం, ఇక రైలెందుకు? 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంతో బస్సులు నిండిపోవడం మనం చూస్తున్నాం. ప్రయాణం చేయాలన్న కోరిక ఎంత ఉందో, డబ్బు లేక ఎంతమంది ఆగిపోయారో ఆ రద్దీయే చెబుతోంది. ఒక బస్సులో యాభై, అరవై మంది కూర్చుంటారు. తొంభై సీట్ల పెట్టెలు పదింటితో నడిచే ప్యాసింజరులో తొమ్మిది వందల మంది కూర్చోవచ్చు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఒరిపిడి రోడ్డు మీద టైరు కంటే ఎన్నో రెట్లు తక్కువ. అందుకే ఇంధనం కూడా తక్కువే పడుతుంది.

మూడో ప్రశ్న నాకు అన్నిటికంటే బరువైనది: భూమి. సగటున ముప్పై మీటర్ల వెడల్పు అనుకుంటే కిలోమీటరుకు మూడు హెక్టార్లు, అంటే ఏడున్నర ఎకరాలు. 140 కిలోమీటర్లకు వెయ్యి ఎకరాలు దాటుతుంది. అందులో కాలువ కింది రెండు పంటల పొలాలు కూడా ఉంటాయి. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకు "ఊరికి రైలొస్తుంది" అన్న మాట అన్నం పెట్టదు. దారిని వీలైనంత మెట్ట నేలల వైపు జరపాలి. కట్ట కింద కాలువలకు, బోదెలకు తగినన్ని తూములు పెట్టాలి. లేకపోతే ఒకపక్క పొలం మునిగి, ఇంకోపక్క ఎండుతుంది. పరిహారం పని మొదలయ్యే ముందే చేతికివ్వాలి. ఈ షరతులు మనం ముందే రాసి అడగకపోతే తర్వాత ఎవరూ మన కోసం రాయరు. నాకు తెలిసినంతలో రోడ్ల పనుల్లో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

మనం చేయగలిగింది

మన సంఘానికి మూడు చిన్న పనులు సూచిస్తున్నాను. ఒకటి, బాన్సువాడ, రుద్రూరు, పిట్లం బడుల పూర్వ విద్యార్థులను కలుపుకొని, ఎంతమంది ఎక్కడికి, ఎందుకు, ఎంత ఖర్చుతో పోయి వస్తున్నారో ఊరూరా లెక్క తీయడం. ఇప్పుడు బడిలో చదువుతున్న పిల్లలు ఈ పని సెలవుల్లో చేయగలరు. సాంఘిక శాస్త్రానికి అంతకంటే మంచి పాఠం ఉండదు. రెండు, బోధన్–బీదర్ లైనును మన ఊరి కోరికగా కాకుండా పెద్దపల్లి నుంచి కలబురగి దాకా ఉన్న ఒకే దారిలో మిగిలిన ముక్కగా చూపుతూ వినతిపత్రం రాయడం. సాంకేతిక భాగం నేను రాస్తాను, మన బ్యాచ్‌లో రైల్వేలో పనిచేసినవాళ్లు దిద్దాలి. మూడు, సిద్దిపేట పద్ధతిలో భూమి, ఖర్చుల వాటా గురించి రాష్ట్రం ముందే మాట ఇవ్వాలని అడగడం. ఒక్క ఎన్నికతో వదిలేయకుండా పన్నెండేళ్లయినా అడగడానికి సిద్ధపడాలి.

1883లో అఘోరనాథ్ వాళ్లు అడిగింది ఒక్కటే: లెక్క జనం ముందు పెట్టండి. నూట నలభై ఏళ్ల తర్వాత మనమే లెక్క తయారుచేసి సర్కారు ముందు పెట్టగలిగే చదువు ఈ బడి మనకిచ్చింది. గోడ మీది పటం చూపించి ఆ ప్రశ్న అడిగిన సారుకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాం. వజ్రోత్సవం నాటికైనా తొమ్మిదో తరగతిలో ఎవరో ఒక పిల్ల లేచి, "నస్రుల్లాబాదే సార్" అని చెప్పాలని నా కోరిక.